క్రిముల దగ్గర నేర్చుకున్న ఆసుపత్రి

...అదంతా తర్వాత రాద్దువు గాని చిట్టెమ్మా, ముందు మీ నాయనమ్మ కాలు సంగతి రాయి. కాలు రాయకుండా క్రిముల సంగతి రాస్తే చదివేవాళ్లకి ఏం పడుతుంది? నేను నెమ్మదిగా చెబుతాను. నువ్వూ నెమ్మదిగానే రాసుకో.

అది నా ఉద్యోగంలో చివరి ఏడాది. పెద్దాసుపత్రి ల్యాబులో అటెండరుని. క్రిముల్ని పెంచే గాజు పళ్లేలు కడగడం నా పని. ముప్ఫై ఒక్క ఏళ్లు అవే కడిగాను. ఆ వానాకాలంలో మీ నాయనమ్మ సుభద్రకి ఎడమ కాలి చిటికెన వేలు దగ్గర కొత్త చెప్పు కరిచింది. షుగరు మనిషి కదా, వారానికల్లా పుండయింది. ఇంకో వారానికి పక్క వేలికి పాకింది, జ్వరం పట్టుకుంది. ఆడవాళ్ల వార్డులో పదకొండో మంచం ఇచ్చారు. మామూలుగా ఇచ్చే ఇంజెక్షన్లు ఇచ్చారు. జ్వరం అలాగే ఉంది.

అప్పుడు ల్యాబు డాక్టరు వనజాక్షి గారు భోజనం మానేసి వార్డుకి వచ్చి, దూది పుల్లతో పుండులోంచి రసి తీసుకుని, దాన్ని పళ్లెం మీద రాసి, మందు బిళ్లలు పేర్చి, వెచ్చటి పెట్టెలో పెట్టించారు.

"గవరయ్యా, ఈ క్రిమి ఏ మందుకి లొంగుతుందో మూడు రోజుల్లో పళ్లెం మీద తెలిసిపోతుంది. ఆ మందు వెంటనే పడితే కాలికి ఢోకా లేదు. వారం దాటితే వేళ్లు తీసెయ్యమంటారు. పది రోజులు దాటితే పాదం ఉండదు," అన్నారు.

"మూడ్రోజులే కదండీ," అన్నాను నేను.

ఆ మూడు రోజులు తొమ్మిది రోజులెందుకయ్యాయో చెప్పాలంటే రెండు నెలలు వెనక్కి వెళ్లాలి.

మందులకి లొంగని క్రిములు ఎక్కువైపోయాయని, ఆసుపత్రి మీటింగు హాల్లో వనజాక్షి గారి చేత ఉపన్యాసం చెప్పించారు. జిల్లా ఆసుపత్రుల్ని బాగుచెయ్యడానికి కొత్తగా వేసిన ప్రత్యేకాధికారి శశిభూషణ్ గారు ముందు కుర్చీలో కూర్చున్నారు. నేను నీళ్ల సీసాలు పట్టుకుని తలుపు దగ్గర నించున్నాను.

ఆవిడ చెప్పిందంతా నాకు గుర్తుంది. ప్రతి క్రిమికీ లోపల ఒక పెద్ద పుస్తకం ఉంటుందట, అది ఎలా బతకాలో అందులో రాసి ఉంటుంది. కొన్నిటికి అది కాక విడిగా చిన్న ఉంగరం లాంటిది కూడా ఉంటుంది. దాని పేరు ప్లాస్మిడ్. అందులో రెండో మూడో కిటుకులు రాసి ఉంటాయి. ఫలానా మందు వస్తే ఎలా విరగ్గొట్టాలి, ఫలానాది లోపలికి దూరితే ఎలా తోడి పారబొయ్యాలి, ఇలాంటివి. పక్కనే ఇంకో క్రిమి ఉంటే సన్నటి గొట్టం వేసి, ఆ ఉంగరానికి నకలు తీసి ఇచ్చేస్తుంది. తనది తన దగ్గరే ఉంటుంది. పక్కది తన జాతిది కాకపోయినా ఇస్తుంది. మనం మందు అరకొరగా వాడి ఆపేస్తే ఉంగరం లేనివి చస్తాయి, ఉన్నవి మిగిలి ఆ ఖాళీ అంతా నింపేస్తాయి. అదే ఉంగరంలో మనిషికి కావలసిన ఇన్సులిను ఎలా చెయ్యాలో రాసిపెడితే, పాపం క్రిమి అదీ చేసి పెడుతుంది. మీ నాయనమ్మ రోజూ పొడుచుకునే మందు అలా వచ్చిందే.

శశిభూషణ్ గారు చెయ్యెత్తారు.

"మేడమ్, నకలు ఇచ్చే ముందు క్రిమి ఎవరి అనుమతి తీసుకుంటుంది?"

"ఎవరిదీ తీసుకోదు సార్."

"శిక్షణా తరగతులు?"

"ఉండవు సార్."

"సీనియారిటీ?"

"అదీ ఉండదు సార్."

ఆయన పెన్ను బల్ల మీద పెట్టి హాలంతా ఒకసారి చూశారు. "మిత్రులారా, మన వ్యవస్థ ఎన్నో ఏళ్లుగా సాధించలేని సమాంతర సామర్థ్య బదిలీని కంటికి కనపడని ఒక ప్రాణి అరగంటలో సాధిస్తోంది. మనం దాన్ని చంపడం గురించి మాట్లాడుకుంటున్నాం. దాని నుంచి స్ఫూర్తి పొందే దిశగా ఎవరూ ఆలోచించకపోవడం విచారకరం."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పథకం పేరు వలయ పథకం. గుమస్తా కామేశం మా అందరికీ చదివి వినిపించాడు.

"ప్రతి ఉద్యోగియు తనకు గల ఒక ఉత్తమ సామర్థ్యమును తొమ్మిది సెంటీమీటర్ల గుండ్రని అట్టపై లిఖించి మెడలో ధరించవలెను. తన సమీపమునకు వచ్చిన ఏ ఉద్యోగికైనను, హోదా మరియు శాఖా భేదము లేకుండా, సదరు వలయమునకు నకలు అందజేయవలెను. వారమునకు మూడు నకళ్లకు తగ్గినచో సంజాయిషీ కోరబడును."

వనజాక్షి గారు ప్రత్యేకాధికారి గదికి వెళ్లారు. పళ్లేల ట్రేతో నేనూ వెనకాలే ఉన్నాను.

"సార్, క్రిమి మంచి కిటుకుని ఏరుకుని దాచుకోదు. దాన్ని చావకుండా కాపాడిన కిటుకే మిగులుతుంది. మన దగ్గరా అదే జరుగుతుంది."

"మీ ఆందోళనను సానుకూల దృక్పథంతో నమోదు చేసుకున్నాం మేడమ్. విషయ పరిజ్ఞానం ఉన్నది మీకే కాబట్టి ఈ పథకానికి మిమ్మల్నే నోడల్ అధికారిగా నియమిస్తున్నాం."

ఆ రోజు నుంచి ఆవిడ క్రిముల్ని చూడ్డం మానేసి మీటింగు హాల్లో అట్టలు లెక్కపెట్టేవారు.

నాకు రాత రాదని నా అట్ట కామేశమే రాసిపెట్టాడు: గాజు పళ్లెం గీత పడకుండా కడుగుట. ఒక్కరూ నకలు అడగలేదు. హెడ్ నర్సు ఎస్తేరు గారి అట్ట చూడాలి నువ్వు. ఒళ్లు ఎండిపోయిన మనిషికి సూది కోసం నరం ఎలా వెతకాలో రాసింది. వేడినీళ్ల గుడ్డ ఎంతసేపు కప్పాలి, వేలితో ఎక్కడ తట్టాలి, దొరక్కపోతే తొందరపడకుండా ఎలా కూర్చోవాలి. ఇద్దరు కొత్త నర్సులు తీసుకున్నారు. అంతే.

"ఎస్తేరమ్మగారూ, మీది భలే అట్టండి, ఎవరూ అడగట్లేదేటండీ?" అన్నాను.

"నరం దొరక్కపోతే మెమో రాదు కదా గవరయ్యా," అందావిడ.

కామేశం తన అట్ట మీద ఒక్క వాక్యం రాసుకున్నాడు: సీటులో లేనప్పుడు సీటులో ఉండుట. వివరం అడిగినవాళ్లకి నోటితో చెప్పేవాడు. బల్ల మీద కళ్లజోడు తెరిచి పెట్టాలి. దాని పక్కన సగం తాగిన టీ గ్లాసు. పైన ఫ్యాను తిరుగుతూ ఉండాలి. వచ్చినవాడు చూసి, ఇప్పుడే ఇక్కడే ఉన్నాడు కాబోలనుకుంటాడు. గ్లాసు నిండుగా ఉంటే అనుమానం వస్తుంది, ఖాళీగా ఉంటే వెళ్లిపోయాడనుకుంటారు. సగమే ఉండాలి.

నవ్వుకున్నారు గాని మొదట్లో దాన్నీ ఎవరూ తీసుకోలేదు.

అప్పుడు శశిభూషణ్ గారు ఆకస్మిక తనిఖీలు మొదలుపెట్టారు. మొదటి రోజు పొద్దున్న పదింటికి వచ్చి పందొమ్మిది మందికి మెమోలిచ్చారు. కామేశం ఊళ్లోనే లేడు, బావమరిది పెళ్లికి ద్రాక్షారామం వెళ్లాడు. వాడికి మెమో రాలేదు. సాయంత్రానికి వాడి అట్టకి నలభై నకళ్లు లేచాయి. రెండో రోజూ, మూడో రోజూ తనిఖీ జరిగింది. నాలుగో రోజు పథకం గురించి మాట్లాడమని ఎక్కడో సదస్సుకి పిలిస్తే ఆయన విమానమెక్కి వెళ్లిపోయారు.

"కోర్సు పూర్తి చెయ్యకుండా ఆపేశారు," అన్నారు వనజాక్షి గారు అట్టలు కట్టలు కడుతూ. నా వైపు చూడలేదు గాని నాతోనే అన్నారు.

ఆయన తిరిగొచ్చేసరికి మెమో తిననివాళ్లే ఆసుపత్రిలో ఎక్కువమంది. కళ్లు బాగున్నవాళ్లు కూడా గేటు దగ్గర అద్దాల్లేని కళ్లజోళ్లు కొనుక్కున్నారు. ఆయన వేలిముద్ర మిషను పెట్టించారు. తడి వేలితో మూడుసార్లు నొక్కితే అది అలిగి ఊరుకుంటుంది, అప్పుడు పుస్తకంలో 'మిషను పనిచేయుట లేదు' అని రాసుకోవచ్చు. ఆ కిటుకు కామేశం అట్టలోకి చేరింది. సీటులో కూర్చుని ఫొటో తీసి పంపమన్నారు. ఒకే రోజు ఆరు చొక్కాలు మార్చి ఆరు ఫొటోలు తీసుకుంటే వారానికి సరిపోతుంది. అదీ చేరింది. పాత కిటుకు పోలేదు, కొత్తది పక్కన కూర్చుంది. అట్ట ఒకటే, దానికి లొంగని తనిఖీ లేదు.

గేటు బయట టీ కొట్టు ఉంది కదా, అక్కడికి పక్క కాంపౌండులో రోడ్ల ఆఫీసువాళ్లూ వస్తారు, ఎదురుగా ఉన్న తాలూకా ఆఫీసువాళ్లూ వస్తారు. ఓ నెల తిరిగేసరికి ఆ రెండు ఆఫీసుల్లోనూ బల్లల మీద కళ్లజోళ్లు, సగం గ్లాసులు కనపడ్డాయి. మనవాళ్లకి శాఖా భేదం లేదు.

వనజాక్షి గారు లెక్క తేల్చి పట్టుకెళ్లారు. నరం వెతికే అట్టకి రెండు నకళ్లు. సీటు అట్టకి పదకొండు వందల నలభై.

"చూశారా సార్," అన్నారావిడ.

"చూశాను మేడమ్, అద్భుతం," అన్నారాయన. "ఒకే ఒక సామర్థ్యం ఇంత స్వల్ప వ్యవధిలో మూడు శాఖలకు విస్తరించడం ఈ జిల్లా చరిత్రలో లేదు. ఇంతమంది స్వచ్ఛందంగా స్వీకరించినదాన్ని లోపంగా చూడటం మన దృక్పథ లోపం."

రెండో ఉత్తర్వు వచ్చింది. కళ్లజోడు, సగం నిండిన టీ గ్లాసు, తిరుగుతున్న ఫ్యాను, ఈ మూడూ ఉన్నచోట సదరు ఉద్యోగి విధులలో ఉన్నట్లు భావించవలెను.

ఆ తర్వాత తనిఖీలు సాఫీగా సాగాయి. జీపు వచ్చేది. డ్రైవరు దిగి వరండా బల్ల మీద తనిఖీ అధికారి కళ్లజోడు పెట్టేవాడు. కాసేపు అక్కడే నించుని, మళ్లీ తీసుకుని వెళ్లేవాడు. తనిఖీ సంతృప్తికరంగా జరిగిందని రిపోర్టు వచ్చేది. ఒక్క ఎస్తేరు గారికే మెమో వచ్చింది. ఆవిడ ఎప్పుడూ వార్డులో మంచాల మధ్యే తిరుగుతుంది, ఆవిడ సీటు దగ్గర గ్లాసు లేదు. విధులకు గైర్హాజరు అని రాశారు.

ఇదీ ఆ రోజుల్లో ఆసుపత్రి పరిస్థితి. మీ నాయనమ్మ కాలు ఈ మధ్యలోకి వచ్చింది.

రసి తీసిన మర్నాడే వనజాక్షి గారిని పథకం వివరించమని పక్క జిల్లాకి వారం రోజులు పంపేశారు. మూడో రోజుకి పళ్లెం తయారైంది. చూసి రాయాల్సింది టెక్నీషియను. అతని కుర్చీ దగ్గరికెళ్లాను. కళ్లజోడు ఉంది. గ్లాసు ఉంది. ఫ్యాను తిరుగుతోంది. నాలుగో రోజూ ఉన్నాయి, ఐదో రోజూ ఉన్నాయి. ఆరో రోజు గ్లాసులో ఈగ పడి ఉంది. తీసేసి వచ్చాను.

వార్డులో మీ నాయనమ్మ రోజూ ఒకటే మాట.

"మందు దొరికిందా?"

"రేపు దొరుకుద్దే."

"నువ్ ఈ ఆసుపత్రిలోనేగా పన్జేత్తావు. ఎవరూ తెలీదా నీకు?"

"అందరూ తెలుసే. ఎవరూ లేరు."

"లేపోతే పిలవొచ్చుగా."

"ఉన్నారని ఆర్డరొచ్చిందే, ఎలా పిలవను?"

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడో రోజుకి రెండు వేళ్లూ నల్లబడ్డాయి. ఎస్తేరు గారు కట్టు విప్పి, పాదం మీద ఎరుపు ఎక్కడిదాకా వచ్చిందో నీలం పెన్నుతో గీత గీశారు. మర్నాడు చూస్తే ఎరుపు గీత దాటి రెండు వేళ్ల మేర పైకొచ్చింది.

నేను ల్యాబుకెళ్లి వెచ్చటి పెట్టె తెరిచి పళ్లెం బయటికి తీశాను. నాకు చదువు రాదు గాని, ముప్ఫై ఒక్క ఏళ్లు కడిగినవాణ్ని, పళ్లెం తెలుసు. ఎప్పుడో ఒక మధ్యాహ్నం వనజాక్షి గారే పక్కన నించుని చూపించారు. పళ్లెంలో గుండ్రటి చిన్న చిన్న మందు బిళ్లలు పెడతారు. ఏ బిళ్ల చుట్టూ క్రిమి పెరగకుండా శుభ్రంగా ఖాళీ ఉంటుందో, ఆ మందుకి అది లొంగినట్టు. ఈ పళ్లెంలో ఆరు బిళ్లలున్నాయి. ఐదింటి అంచుల దాకా క్రిమి పెరిగి కూర్చుంది. ఒక్కదాని చుట్టూ రూపాయి కాసంత ఖాళీ ఉంది. దాని మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు, ల్యాబువాళ్లకి తప్ప వార్డులో ఎవరికీ తెలియని పొట్టి గుర్తులు. ఏ మందో నాకు తెలీదు.

తొమ్మిదో రోజు పొద్దున్న వనజాక్షి గారు ఊళ్లోకి దిగారు. బస్టాండు నుంచి తిన్నగా మీటింగు హాలుకే వచ్చారు, అక్కడ మూడు బస్తాల అట్టలు ఎదురు చూస్తున్నాయి. మూత వేసిన పళ్లెం ఆవిడ ముందు పెట్టాను.

"ఎవరు చదివారిది?"

"ఎవరూ చదవలేదండి. నేనే చూశానండి. ఇదిగో, ఈ బిళ్లండి."

ఆవిడ వెలుతురుకి ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చేతిలో ఉన్న అట్టని వెనక్కి తిప్పి, దాని మీదే ఆ మందు పేరు రాసింది.

"ఇది తాళం వేసి ఉంచే మందు గవరయ్యా. సూపరింటెండెంటు గారి సంతకం లేనిదే ఇవ్వరు. ఫారం కామేశం దగ్గరుంటుంది. పరిగెత్తు. సాయంత్రం లోపల మొదటి డోసు పడాలి."

కామేశం ఆ వేళ అదృష్టం బాగుండి సీట్లోనే ఉన్నాడు. టీ తాగుతున్నాడు. ఫారం నింపి, నాతోపాటు సూపరింటెండెంటు గారి గదిలోకి వచ్చాడు. పెద్ద బల్ల, బంగారు రంగు కళ్లజోడు, పింగాణీ కప్పులో సగం టీ. ఫ్యాను తిరుగుతోంది.

"సారెప్పుడొత్తారండీ?" అన్నాను.

"వచ్చేదేటి గవరయ్యా, ఉన్నారు. ఆర్డరు చదివి వినిపించాను కదా."

"ఆయన ఉంటే సంతకం పెట్టమనండి మరి."

కామేశం ఆ కళ్లజోడు వైపు చూశాడు. వాడి మెడలో అట్ట ఫ్యాను గాలికి తిరుగుతోంది.

"మీ ఆవిడ కాలేనా?"

"ఔనండి."

వాడు ఫారం తీసి కళ్లజోడు ముందు పెట్టాడు. చేతులు కట్టుకుని నించున్నాడు. నేనూ నించున్నాను.

"సార్, అత్యవసరం సార్. పదకొండో మంచం," అన్నాడు కుర్చీతో. కొంచెం ఆగి నా వైపు తిరిగాడు. "విన్నావుగా. సారు కాదనలేదు."

"లేదండి."

"విధుల్లో ఉన్న మనిషి, కాగితం ఎదుట పెడితే కాదనలేదంటే ఒప్పుకున్నట్టే. రూలు ప్రకారం అంతే."

ఫారం కింద 'చూచితిని, అభ్యంతరము లేదు' అని రాశాడు. ఆ తర్వాత పింగాణీ కప్పు ఎత్తి, సంతకం ఉండాల్సిన చోట దాన్ని గట్టిగా నొక్కాడు. గుండ్రంగా మరక పడింది.

"మీరు సంతకం పెట్టొచ్చు కదండీ ఆయన బదులు?" అన్నాను.

"అది దొంగ సంతకం అవుద్ది గవరయ్యా. ఉద్యోగం పోద్ది. ఇది నిజం కప్పు."

మందుల స్టోరులో ఫార్మసిస్టు కూడా ఉన్నాడు, ఒంట్లో బాగాలేక సెలవు దొరక్క వచ్చాట్ట. కాగితం వెలుతురుకి పెట్టి చూశాడు. మరకని వాసన చూశాడు.

"సూపరింటెండెంటు గారిదేనా?"

"ఔనండి."

"అల్లం టీ. ఆయనదే," అని తాళం తీశాడు.

మీ నాయనమ్మ చెయ్యి అప్పటికి చీపురుపుల్లలా అయిపోయింది. ఎస్తేరు గారి అట్ట తీసుకోని ఇద్దరు నర్సులు ప్రయత్నించి నరం దొరకలేదని వదిలేశారు. ఎస్తేరు గారు గైర్హాజరు మెమోకి జవాబు రాసుకుంటున్నదల్లా కాగితం పక్కన పెట్టి వచ్చింది. వేడినీళ్లలో గుడ్డ ముంచి చేతికి చుట్టి, మంచం అంచున కూర్చుంది. ఏమీ తొందర పడలేదు. మీ నాయనమ్మతో వాళ్లింట్లో మామిడికాయ పచ్చడి ఎలా పెడతారో మాట్లాడింది. మాటల్లోనే సూది దిగిపోయింది. మీ నాయనమ్మ అయితే ఆవపిండి ఎంత వెయ్యాలో చెబుతూనే ఉంది.

మందు పడిన మూడో రోజుకి ఎరుపు ఆ నీలం గీత వెనక్కి తగ్గింది. నల్లబడ్డ రెండు వేళ్లు మాత్రం తీసేశారు. మొదటి వారంలోనే మందు పడి ఉంటే అవీ ఉండేవని ఆపరేషను చేసిన డాక్టరు అన్నాడు. పాదం నిలిచింది.

కప్పు సంతకం సంగతి ఎలా బయటికొచ్చిందో నాకు తెలీదు. ఆ వారం చివరికి ఆసుపత్రిలో కాగితాలన్నిటి మీదా గుండ్రటి మరకలే. రోడ్ల ఆఫీసులో రెండు రోడ్లు, ఒక కల్వర్టు టీ మరక మీద మంజూరయ్యాయని టీ కొట్టు దగ్గర చెప్పుకున్నారు. శశిభూషణ్ గారు పైకి పంపిన నివేదికలో పదకొండో మంచం గురించి ఒక పేరా ఉందట: 'సమాంతర సంతకం ద్వారా ఒక నిరుపేద మహిళ పాదము పరిరక్షింపబడినది'. వేళ్ల గురించి లేదు. ఆయనకి రాజధానిలో పెద్ద పదవిచ్చి, పథకం అన్ని జిల్లాల్లోనూ పెట్టమన్నారు.

అన్నిటికీ ఒకరి సంజాయిషీ కావాలి కదా. ల్యాబులో పళ్లెం ఆరు రోజులు ఎవరూ చదవకుండా ఎందుకుందని విచారణ వేశారు. టెక్నీషియను విధుల్లోనే ఉన్నట్టు సాక్ష్యం ఉంది. వనజాక్షి గారి కుర్చీ దగ్గర కళ్లజోడు లేదు, గ్లాసూ లేదు. ఆవిడ కళ్లజోడు ఎప్పుడూ కళ్లకే ఉంటుంది మరి. ల్యాబు వదిలి మీటింగు హాల్లో కూర్చున్నందుకు, క్రిమి గురించి అధికారులకు అసంపూర్ణ అవగాహన కల్పించినందుకు అని రాసి, ఏజెన్సీ కొండల్లో ల్యాబు లేని ఆసుపత్రికి బదిలీ చేశారు.

వెళ్లే రోజు పెట్టె నేనే మోసి బస్సులో పెట్టాను. కిటికీ దగ్గర కూర్చుని ఆవిడ అంది:

"ఆ రోజు హాల్లో నేను నోరు తెరవకుండా ఉండాల్సింది గవరయ్యా. నేను ఆ ఉంగరం సంగతి చెప్పకపోతే ఇదంతా జరిగేది కాదు. మీ ఆవిడ వేళ్లు నా మాట వల్లే పోయాయి."

నాకు మాట తొందరగా రాదు, నీకు తెలుసు కదా. నేను నోరు తెరిచేలోపు బస్సు కదిలిపోయింది. అప్పట్నుంచీ ఆ జవాబు నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు రాయి.

అమ్మా, మీరు చెప్పకపోయినా ఆళ్లు ఇంకేదో ఒకటి పట్టుకునేవారండి. చీమల్ని చూసో, తేనెటీగల్ని చూసో ఆర్డరు రాసేవారు. మీరు నాకు చెప్పకపోతే మాత్రం, ఆరు బిళ్లల్లో ఏ బిళ్ల పట్టుకుని పరిగెత్తాలో నాకు తెలిసేది కాదండి. రెండు వేళ్లు పోవడం మీ లెక్కలో వేసుకోకండి. మిగిలిన మూడు వేళ్లూ, పాదమూ వేసుకోండి.

రాశావా? ఎస్తేరు గారి దగ్గర వనజాక్షి గారి ఫోను నంబరు ఉందన్నావు కదా. రేపు ఆదివారం, ఆవిడ ఇంట్లోనే ఉంటారు. ఫోను చేసి ఇదంతా మొదటి నుంచి చదివి వినిపించు. వేళ్లు తీసేశారన్న చోట ఆగకు, ఆవిడ ఫోను పెట్టేస్తుంది. చదువుతూ పో. అంతా అయ్యాక ఫోను మీ నాయనమ్మకివ్వు, పెరట్లో చిక్కుడు పాదుకి నీళ్లు పోస్తోంది, నడిచొచ్చి తీసుకుంటుంది.